పట్టా లేనివాళ్ల నష్టం ఎవరి లెక్కలో ఉంది?

శ్రీకాకుళం జిల్లాలో మళ్లీ థర్మల్ మాట వినిపిస్తోంది. సరుబుజ్జిలి, బూర్జ మండలాల్లో, వెన్నెలవలస పరిసరాల్లో 3,200 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం పెట్టాలన్న ప్రతిపాదనను అక్కడి ఆదివాసీ గ్రామాలు వ్యతిరేకిస్తున్నాయి. ఈ జిల్లాకు ఇది కొత్త పోరాటం కాదు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ కేంద్రాలు వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఎనిమిది నెలలు కూడా తిరక్కుండానే ఒకే జిల్లాలో రెండు కాల్పులు. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. వందల మంది మీద కేసులు పడ్డాయి. కాకరాపల్లి దగ్గర వడ్డితాండ్రలో ఇళ్లు కాలిపోయాయి.

ఆ రెండు పోరాటాల మీద చాలా రాశారు. మానవ హక్కుల వేదిక లాంటి సంఘాల నివేదికలు, పత్రికల కథనాలు, కోర్టు ఉత్తర్వులు ఉన్నాయి. వాటిని పాత జీవోలతో, పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలతో పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నప్పుడు మాకు ఒక విషయం పదేపదే తగిలింది. ఈ కాగితాల్లో ‘రైతులు’ ఉన్నారు, ‘మత్స్యకారులు’ ఉన్నారు. ఆ ఊళ్ల దళితవాడలు మాత్రం చాలా అరుదుగా కనిపిస్తాయి. ధర్నాల్లో, రిలే దీక్షల్లో మనవాళ్లు లేకపోవడం వల్ల కాదు. వాళ్లు పోగొట్టుకునేదానికి రికార్డులో పేరు లేకపోవడం వల్ల.

సోంపేట బీలనే తీసుకుందాం. బీల అంటే సముద్రానికి దగ్గరగా, ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లు నిలిచి ఉండే పల్లపు నేల. కాకరాపల్లి వైపు ఇలాంటి నేలల్నే తంపర అంటారు. చుట్టుపక్కల వరి చేలకు నీళ్లు బీల నుంచే. చేపలు అందులోనే. పశువులకు గడ్డి దాని ఒడ్డునే. రెవెన్యూ రికార్డుకు ఇవేవీ పట్టవు. దాని దృష్టిలో అది ప్రభుత్వ భూమి, ఎవరూ సాగు చేయని నేల, కాబట్టి ఖాళీ. 2008లో వచ్చిన జీవో 1107 ద్వారా రాష్ట్ర ప్రభుత్వం అక్కడి సుమారు 970 ఎకరాలను నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి 2,640 మెగావాట్ల కేంద్రం కోసం కేటాయించింది.

ఇక్కడ ‘కేటాయించింది’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పట్టా భూమి అయితే ప్రభుత్వం దాన్ని ‘సేకరించాలి’. నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి, ధర కట్టాలి. ప్రభుత్వ భూమి అయితే ఒక్క జీవోతో చేతులు మారిపోతుంది. సేకరణ లేదు కాబట్టి నిర్వాసితులు లేరు. నిర్వాసితులు లేరు కాబట్టి నష్టం లేదు. బీల ఒడ్డున గడ్డి కోసుకుని రెండు గేదెలు మేపుకునే కుటుంబం, కూలి లేని రోజుల్లో చేపలు పట్టుకునే కుటుంబం ఈ లెక్క ప్రకారం అసలు ఏమీ పోగొట్టుకోలేదు. పోగొట్టుకోవడానికి వాళ్లకంటూ ఏమైనా ఉంటే కదా అని రికార్డు అడుగుతుంది.

భూమిలేని కులాలకు ఊళ్లో భూమి అంటే ఇదే. పోరంబోకు, గ్రామకంఠం, చెరువు శిఖం, బంజరు, బీల, తంపర. భూస్వామి పొలం గట్టు మీద గడ్డి కోస్తే తిట్లు, ఒక్కోచోట దెబ్బలు కూడా. ఊరుమ్మడి నేల మీద అయితే కనీసం అడుగు పెట్టొచ్చు. అలాగని ఆ ఉమ్మడిని మరీ అందంగా చూపించాల్సిన పనీ లేదు. చెరువు నీళ్ల కోసం 1927లో మహాద్‌లో ఏం చేయాల్సి వచ్చిందో మనకు తెలుసు. ఉమ్మడి వనరు ఏ రోజూ అందరిదీ సమానంగా కాలేదు. కానీ సమానంగా దక్కనిది కూడా పోయిందంటే, కూలి దొరకని నెలల్లో కుటుంబాన్ని నిలబెట్టే ఆసరా పోయినట్టే. పట్టాదారుకు ఇంకో ఎకరం ఉండొచ్చు, బ్యాంకులో నష్టపరిహారం ఉండొచ్చు. కూలికి ఇంకో బీల ఉండదు.

సోంపేట గెలిచింది. ఏళ్ల తరబడి సాగిన రిలే దీక్షలు, పర్యావరణ పరిరక్షణ సంఘం పట్టుదల, మాజీ కేంద్ర విద్యుత్ కార్యదర్శి ఈఏఎస్ శర్మ లాంటివాళ్ల న్యాయపోరాటం కలిసి దాన్ని గెలిపించాయి. కాల్పులు జరిగిన రోజే, 2010 జూలై 14న, జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఉదయం ఊళ్లో తూటాలు, అదే రోజు ఢిల్లీలో రద్దు ఉత్తర్వు. ఆ ఉత్తర్వు కోసం ఇంకొన్ని గంటలు ఆగి ఉంటే చాలన్న బాధ ఆ ఊళ్లను ఇప్పటికీ వదల్లేదు.

అయితే ఆ గెలుపు ఏ వాదన మీద వచ్చిందో చూడాలి. బీల బీడు భూమి కాదు, అది చిత్తడి నేల, దాన్ని కాపాడాలి అన్నది ప్రధాన వాదన. అది నిజమే, అవసరమే. మన వ్యవస్థలో ఆ వాదనే నిలబడుతుంది కూడా. కానీ దాని వల్ల నేల స్వభావం రుజువైంది తప్ప, ఆ నేల మీద పట్టా లేకుండా బతికే మనిషి హక్కు రుజువు కాలేదు. కాబట్టి ప్లాంటు వెళ్లిపోయాక ‘భూములు తిరిగి రైతులకు ఇవ్వాలి’ అన్న మాట వచ్చినప్పుడు మన ప్రశ్న అలాగే మిగిలింది. ఏ రైతులకు? ఉమ్మడి నేలను పట్టాదారులకు పంచితే, కంపెనీ చేయాలనుకున్న పనిని ఊరి పెద్దలు పూర్తి చేసినట్టు కాదా? ఈ మాట ఉద్యమ వేదికల మీద అంటే ఐక్యత దెబ్బతింటుందంటారు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

సోంపేటలో ఆగిన బొగ్గు ఎక్కడా మండకుండా పోలేదు. అదే కంపెనీ భాగస్వామిగా మొదలైన 1,320 మెగావాట్ల కేంద్రం నెల్లూరు జిల్లా కృష్ణపట్నం తీరంలో కట్టారు, తర్వాత అది వేరే చేతుల్లోకి వెళ్లింది. ప్రతిఘటన బలంగా ఉన్న చోటు నుంచి, సంఘటితం కావడం కష్టమైన చోటుకు ప్రాజెక్టులు జరుగుతాయి. పోర్టు, బొగ్గు రేవు, ఒకదాని పక్కన ఒకటిగా థర్మల్ కేంద్రాలు వచ్చిన ముత్తుకూరు మండలంలో దళితులు, యానాదులు, పట్టపు మత్స్యకారుల ఊళ్లు ఉన్నాయి. ఎవరి ఊరికి ఏ ప్లాంటు బూడిద వస్తోందో విడదీసి చెప్పడమే కష్టమైనప్పుడు ఎవరి మీద పోరాడాలి? ప్రతి ప్లాంటు నివేదికా తన ఒక్కదాని పొగనే ముందు పెడుతుంది. ఊరు పీల్చేది మాత్రం అన్నింటి పొగనూ కలిపి.

అక్కడే నేలటూరు దగ్గర జెన్‌కో నడిపే 2,400 మెగావాట్ల కేంద్రానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. 1960లో ముఖ్యమంత్రి అయిన సంజీవయ్య ఈ దేశంలో ఆ పదవిలోకి వచ్చిన మొదటి దళితుడు. భూమిలేని పేదలకు బంజరు భూములు పంచిన ముఖ్యమంత్రిగా ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంటారు. ఆయన పేరు పెట్టుకున్న కేంద్రం పక్కన ఉన్న నేలటూరు దళితవాడ తమను దూరంగా తరలించమని ఏళ్లుగా అడుగుతూ వచ్చింది. ఇందులో వ్యంగ్యం ఉందని మేం ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. బోర్డు మీద ఉన్న పేరు వల్ల బూడిద తక్కువ పడదు.

2022 అక్టోబరులో ఆ కేంద్రం మూడో యూనిట్‌ను అప్పటి ముఖ్యమంత్రి జాతికి అంకితం చేసినప్పుడు, పోర్టు వల్ల ఉపాధి కోల్పోయిన 16 వేలకు పైగా కుటుంబాలకు ‘మత్స్యకారేతర ప్యాకేజీ’ కింద సాయం విడుదల చేశారు. ఆ పేరునే గమనించండి. మత్స్యకార కులంలో పుట్టకపోయినా సముద్రం మీద, వాగుల మీద, ఉప్పుటేరుల మీద, చేపల చుట్టూ ఉండే కూలి పనుల మీద బతికినవాళ్లు ఉన్నారని ప్రభుత్వం ఒప్పుకుందన్నమాట. ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. ఒప్పుకున్నాక కూడా వాళ్లకు సొంతంగా ఒక పేరు దొరకలేదు, ‘ఇతరులు’ అనే గడిలోనే చేరారు. వాళ్లకు దక్కింది జరిగిన నష్టాన్ని లెక్కగట్టి ఇచ్చే పరిహారం కాదు, ఒక్కసారి చేతిలో పెట్టే డబ్బు. అయినా మేం దీన్ని చిన్నచూపు చూడం. పట్టా లేనివాళ్లు కూడా నష్టపోతారని ఒక ప్రభుత్వ కాగితం ఒప్పుకున్న అరుదైన సందర్భం ఇది. రాబోయే పోరాటాల్లో వాడుకోదగిన కాగితం.

ఇక్కడ మన విద్యార్థి మిత్రులు కొందరు అడిగే ప్రశ్న ఒకటుంది. కరెంటు వద్దంటామా? ఊళ్లో భూమి చుట్టూ తిరిగే బతుకు నుంచి బయటపడమనే కదా అంబేడ్కర్ చెప్పింది? పరిశ్రమ వస్తే దళితుడికి నష్టమా? ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. అంబేడ్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడు. విద్యుత్తు, నీటిపారుదల విధానాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. దామోదర్ లోయ పథకం, 1944లో ఏర్పడిన కేంద్ర సాంకేతిక విద్యుత్ మండలి ఆ కాలంలో రూపుదిద్దుకున్నవే. చౌకగా, సమృద్ధిగా విద్యుత్తు లేకుండా పారిశ్రామికీకరణ లేదని, పారిశ్రామికీకరణ లేకుండా పేదరికం పోదని ఆయన నమ్మాడు. కాబట్టి ‘పల్లె బతుకే మంచిది, కరెంటు కేంద్రాలు వద్దు’ అనే పర్యావరణవాదం మనది కాదు. అలాంటిది మనల్ని మళ్లీ పాలేరు కొట్టంలోకే తీసుకెళ్తుంది.

కానీ అంబేడ్కర్ ఊహించిన విద్యుత్తు రాజ్యం చేతిలో ఉండేది. కీలక పరిశ్రమలు రాజ్యానివే కావాలని ఆయన 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో రాశాడు. ఇప్పుడు తీరం పొడవునా వస్తున్నవి చాలావరకు ప్రైవేటువి. జెన్‌కోలో ఉద్యోగానికి రోస్టర్ ఉంది, రిజర్వేషన్ ఉంది. ప్రైవేటు కేంద్రంలో అది లేదు. సంజీవయ్య పేరిట ఉన్న కేంద్రాన్నే ప్రైవేటుకు లీజుకు ఇచ్చే ప్రయత్నాన్ని 2022లో ఉద్యోగులు వ్యతిరేకించారు. ఆ ఆందోళనను ఎక్కువ మంది యూనియన్ గొడవగా చూశారు. నిజానికి అది రిజర్వేషన్ గొడవ కూడా. ప్లాంటు వస్తే ఉద్యోగాలొస్తాయన్న మాట మన వాడల్లో నమ్మకంగా వినిపిస్తుంది. వచ్చే ఉద్యోగాల్లో మనకు దక్కేది కాంట్రాక్టర్ కింద బూడిద ఎత్తే పని, బొగ్గు దించే పని, గేటు దగ్గర కాపలా. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే మిగులుతుంది కాబట్టి ఆ పనికి కొరత ఉండదు.

గాలి సంగతి క్లుప్తంగా. థర్మల్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్‌కు 2015 డిసెంబరులో కేంద్రం హద్దులు పెట్టింది. రెండేళ్ల గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2025 జూలై దాకా లాగి, అప్పుడు ఐదింట నాలుగు వంతులకు దగ్గరగా ఉన్న యూనిట్లకు ఆ గంధకాన్ని వడగట్టే యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చింది. మినహాయింపుకు గీటురాయి దూరం. పదిలక్షల జనాభా దాటిన నగరానికి 10 కిలోమీటర్ల లోపు ఉంటే యంత్రం తప్పనిసరి. గాలి ప్రమాణాలు తప్పినట్టు గుర్తించిన నగరాలకు, తీవ్ర కాలుష్య ప్రాంతాలకు 10 కిలోమీటర్ల లోపు ఉంటే ఒక్కో కేసు చూసి నిర్ణయిస్తారు. మిగతావాటికి పొగగొట్టం ఎత్తు సరిపోతే చాలు. ఊపిరితిత్తుల విలువను నగరం నుంచి ఎంత దూరం అన్నదాన్ని బట్టి లెక్కగట్టిన ఈ నిబంధన ఊరిని తక్కువ చేసి చూస్తుంది. ఊళ్లో ప్లాంటు గోడకు అతి దగ్గరగా ఎవరి వాడ ఉంటుందో మళ్లీ చెప్పాలా?

చట్టం ఏమీ చేయదా? చేస్తుంది, వాడితే. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఉంది. భూమిలేని పేదలకు ఇచ్చిన డి-పట్టా భూమిని ఎవరూ కొనకూడదన్నది దాని సారం. ప్రభుత్వం ఆ భూమిని వెనక్కి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది. అంతకుముందు డి-పట్టా అంటే ప్రభుత్వం దయతో ఇచ్చింది, ఎప్పుడైనా లాక్కోవచ్చు అన్న ధోరణి. తీర్పు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, ఆ ధోరణి తహసీల్దారు కార్యాలయాల నుంచి ఇంకా పోలేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ఈ చట్టాన్ని సవరించి, అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన భూముల మీద పూర్తి హక్కులు ఇచ్చింది. అమ్ముకునే స్వేచ్ఛ మంచిదే. కానీ ప్రాజెక్టు ఎక్కడ వస్తుందో ముందే తెలిసినవాడికి, తెలియనివాడు అమ్ముకునే స్వేచ్ఛ ఇంకా మంచిది. ఇలాంటి అమ్మకాలను మేం సందేహంగానే చూస్తాం.

ఇంతకన్నా ముఖ్యమైనది 2013 భూసేకరణ చట్టంలోని సెక్షన్ 3(సి). అందులో ‘ప్రభావిత కుటుంబం’ అంటే భూమి ఉన్న కుటుంబం ఒక్కటే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద ప్రధానంగా బతికిన వ్యవసాయ కూలీలు, కౌలుదారులు, పాలికాపులు, చేతివృత్తులవాళ్లు కూడా అందులోకి వస్తారు. అడవి మీద, నీటి వనరుల మీద ఆధారపడినవాళ్లు కూడా వస్తారు. కాగితం మీద ఇది పెద్ద విజయం. అయితే దీనికి రెండు తలుపులు మూసి ఉన్నాయి. ఒకటి, సోంపేటలా ‘కేటాయింపు’ దారిలో వెళ్తే ఈ చట్టాన్నే పక్కన పెట్టొచ్చని అధికారులు వాదిస్తారు. రెండు, మూడేళ్లుగా కూలి చేశానని రుజువు ఎవరు ఇస్తారు? భూమి యజమాని ఇవ్వడు. ఇస్తే తన పరిహారంలో వాటా అడుగుతారని భయం. వీఆర్వో ఇవ్వడు, అలాంటి రిజిస్టరే లేదంటాడు.

అట్రాసిటీ చట్టం కూడా గుర్తుంచుకోవాలి. దళితుల, ఆదివాసీల భూమి నుంచి వాళ్లను అక్రమంగా వెళ్లగొట్టడం, నీటి మీద, అటవీ హక్కుల మీద వాళ్ల అనుభవంలో జోక్యం చేసుకోవడం సెక్షన్ 3 కింద నేరాలు. ఈ చట్టాన్ని మనం కొట్టినప్పుడు, తిట్టినప్పుడు వాడతాం. భూమి విషయంలో చాలా తక్కువ వాడతాం.

ఇప్పుడు మన ఉద్యమాల సంగతి. థర్మల్ వ్యతిరేక కమిటీల్లో ముందు వరుసలో ఎక్కువగా భూమి ఉన్న కులాలవాళ్లు ఉండడం సహజం, పోయేది వాళ్ల పేరు మీద ఉన్న భూమి కాబట్టి. ఊరంతా కలిసి పోరాడితేనే ప్లాంటు ఆగుతుంది, అందులో మాకు అనుమానం లేదు. కానీ కాలవ అవతలి వాడ దీక్ష శిబిరంలో జనాన్ని నింపడానికి మాత్రమే కావాలి, డిమాండ్ల పత్రంలో మాత్రం ‘భూమికి భూమి’ ఒక్కటే రాయాలి అంటే ఆ ఐక్యత ఎంతకాలం నిలుస్తుంది? పరిహారం రేటు పెంచగానే కొన్ని చోట్ల పోరాటం చల్లబడడానికి కారణం ఇదే. రేటు పెరిగితే లాభం పట్టాదారుకు. కూలికి ఏ రేటు పెరిగినా ఒకటే. అందుకే రేటుతో కొనలేని ప్రతిఘటన కావాలంటే, రేటు దక్కనివాళ్లు దాని మధ్యలో ఉండాలి. ఇది మేం నీతి కోసం చెప్పడం లేదు, ఎత్తుగడగా చెబుతున్నాం.

వెన్నెలవలసలో ఇప్పుడు పోరాడుతున్నది ఆదివాసీలు. ఆ గ్రామాలను షెడ్యూల్డ్ ప్రాంతంలో చేర్చారా లేదా అన్నదాన్ని బట్టి వాళ్లకు దక్కే చట్ట రక్షణ మారిపోతుంది. అక్కడికి వెళ్లే మిత్రులకు మా సూచన ఒక్కటే. నోటిఫికేషన్ రాకముందే మన సొంత జాబితా తయారుచేయాలి. ప్రభుత్వం సామాజిక సర్వే మొదలుపెట్టాక చేసేది అభ్యంతరం అవుతుంది. ముందు చేసేది సాక్ష్యం అవుతుంది. ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ పొలంలో కూలి, ఎవరు ఎవరి భూమి కౌలు, ఏ కుటుంబం ఏ చెరువులో చేపలు పడుతుంది, ఎవరి మేకలు ఎక్కడ మేస్తాయి, కట్టెలు ఎక్కడి నుంచి వస్తాయి అన్నవన్నీ సర్వే నంబర్లతో సహా రాయాలి. డి-పట్టా కాగితాలు, కౌలు కార్డులు, ఉపాధి హామీ జాబ్ కార్డులు, మత్స్య సహకార సంఘం సభ్యత్వాలు, పశువుల టీకా కార్డులు ఉన్నవి ఉన్నట్టు ఫొటో తీసి పెట్టుకోవాలి. గ్రామసభలో తీర్మానంగా ఆ జాబితాను నమోదు చేయించాలి.

ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, సారాంశ నివేదిక తెలుగులో ఉండాలని 2006 పర్యావరణ నోటిఫికేషన్ చెబుతోంది. పూర్తి నివేదిక మాత్రం ఇంగ్లిషులోనే, వందల పేజీల్లో వస్తుంది. అది రాగానే ముందు చూడాల్సింది పొగ లెక్కల అధ్యాయం కాదు, భూ వినియోగం పట్టిక. అందులో ‘బంజరు’, ‘ఖాళీ’, ‘సాగులో లేని’ అని ఎక్కడ రాశారో, ఎన్ని ఎకరాలో గుర్తుపెట్టి, ఆ ఎకరాల మీద మన జాబితాలో ఎన్ని కుటుంబాలు ఉన్నాయో లెక్కపెట్టండి. విచారణ రోజు కలెక్టరు ముందు మైకు అందగానే మొదట చదవాల్సింది ఆ కుటుంబాల పేర్లు. ప్రతి పేరూ మినిట్స్‌లోకి ఎక్కేదాకా మైకు వదలొద్దు.